పన్నెండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర

దయ్యాల విషయంలో హాస్టల్లో నా పేరు చెడ్డది. మూడో అంతస్తు చివరి బాత్రూములో ఎవరో ఏడుస్తారని అమ్మాయిలంతా పొద్దున్నే కిందికి దిగి వరుసలో నిలబడేవాళ్ళు. నేను మాత్రం బకెట్ పట్టుకుని నేరుగా ఆ బాత్రూముకే పోయేదాన్ని. వరుస ఉండదు, నీళ్ళు పుష్కలం. దయ్యమే ఉంటే నాకు మేలే చేసిందనాలి.

ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఇది చదివి ఎవరైనా "అవ్వ దయ్యమైంది" అంటే నాకు కోపం వస్తుంది. ఆవిడ అలాంటి మనిషి కాదు. తప్పు చేసింది ఆవిడ కాదు, నేను.

నాది మదనపల్లె. టమాటా మార్కెట్టులో క్రేట్లు మోసి మా నాయన నన్ను చదివించాడు. ఇప్పుడు కుప్పంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చేతిపనుల వాళ్ళు పనిలో వాడే మాటలను రికార్డు చేసి, రాసుకుని, వాటి మీద థీసిస్ రాయడం నా పని.

మా డిపార్ట్‌మెంటులో ల్యాప్‌టాప్‌తో ఎవరికి తిప్పలొచ్చినా నా గది తలుపే తడతారు. థీసిస్ చివర పుస్తకాల జాబితా దానంతటదే తయారయ్యే సాఫ్ట్‌వేర్ ఎక్కించేదీ నేనే, ఫైలు పేరులో తేదీ పెట్టమని పోరు పెట్టేదీ నేనే. "థీసిస్ ఫైనల్", "థీసిస్ కొత్త ఫైనల్", "థీసిస్ ఇదే ఫైనల్" అని పేర్లు పెట్టుకునే జూనియర్లను చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. "ఒక్క కాపీ ఉందంటే ఒక్కటీ లేనట్టే" అని స్కాలర్ల గదిలో కాగితం అంటించింది కూడా నేనే. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

పుంగనూరులో మస్తాన్ తాతను రికార్డు చేయడానికి ఒక వేసవి పొద్దున వెళ్ళాను. ఇత్తడి, రాగి గిన్నెల లోపల తగరం పూత పూసే కళాయి పని ఆయనది. ఇప్పుడు ఆ పని అడిగేవాళ్ళే తక్కువ. బిరియానీ వండే పెద్ద దేగిశాలు మాత్రం ఇంకా ఆయన దగ్గరికే వస్తాయి. ఏళ్ళ తరబడి గిన్నెల సొట్టలు సుత్తితో తీసి తీసి ఆయనకు చెవులు బాగా దెబ్బతిన్నాయి. ప్రశ్న రెండుసార్లు అరిచి అడగాలి.

ఇంటి ముందు రేకుల చావడిలోనే పని. కాలిన గిన్నె మీద నవాసారం పొడి చల్లగానే తెల్లటి పొగ గుప్పున లేచింది. నాకు దగ్గు ఆగలేదు. వంటింట్లోంచి ఆయన భార్య ఖాసింబీ అవ్వ గట్టిగా ఏదో అంది. తాత తల గోక్కుంటూ నవ్వాడు. లోపలి నుంచి నీళ్ళొచ్చాయి, తాగాను. ఆవిడ అన్న మాట గురించి నాకు గుర్తున్నది అంతే.

వాళ్ళింట్లో మాట్లాడుకునేది ఉర్దూ. అవ్వ మాత్రం ఆయన్ను తెలుగులో తిట్టింది. అదేంటని తాతను అడిగాను.

"ఇంటికొచ్చినోళ్ళ ముందర వాళ్ళకు తెలీని మాట మాట్లాడితే, వాళ్ళనే ఏమో అంటాండామని అనుకుంటారమ్మా. అందుకే నన్ను తిట్టినా నీ ముందర తెలుగులోనే తిడతాది," అన్నాడు.

ఆ మాట నాకు భలే నచ్చింది. నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా. తిట్టిన తిట్టును మాత్రం పట్టించుకోలేదు.

కుప్పం వచ్చాక ఒక సెమినార్లో వినిపించడానికి ఆ రికార్డింగును శుభ్రం చేయడానికి కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్లో అదేమంత పని కాదు. కొలిమికి గాలి కొట్టే బ్లోయర్ రొదను నమూనాగా చూపిస్తే ఫైలు మొత్తం నుంచి ఆ రొద తీసేస్తుంది. అడ్డం వచ్చిన ఇతరుల మాటలుంటే, ఆ ముక్కను ఎంచుకుని మీట నొక్కితే మూగబోతుంది. పన్నెండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర అవ్వ మాట ఉంది. ఏడు సెకన్లు. ఎంచుకున్నాను, నొక్కాను. తెర మీద ఎగుడుదిగుడుగా ఉన్న గీత అక్కడ సాఫుగా పడుకుంది.

తర్వాత నేను చేసిన పనిని మా జూనియర్ ఎవరైనా చేసి ఉంటే చెవి మెలిపెట్టేదాన్ని. కొత్త పేరుతో దాచకుండా పాత ఫైలు మీదే సేవ్ కొట్టేశాను. ఫోన్లో జాగా లేదని అందులోదీ చెరిపేశాను. క్లౌడ్‌లో ఉంది కదా అని ధైర్యం. ఇక్కడ మారిస్తే అక్కడా మారిపోతుందనీ, అది బ్యాకప్ కాదనీ అందరికీ చెప్పేదాన్ని నేనే. అయినా ఆ పూట ఎందుకో గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే, పోయిందని నేను అనుకోనేలేదు. అవ్వ మాట నా లెక్కలో రొద.

ఇరవై రెండు రోజుల తర్వాత షాహీన్ అక్క ఫోన్ చేసింది. తాత కూతురు ఆమె. వి.కోటలో కాపురం. నేను రికార్డు చేసిన రోజు ఆమె పుంగనూరులో లేదు. వాళ్ళమ్మ గుండె ఆగి పోయిందని, నాయన దగ్గరికి వచ్చేశానని చెప్పింది.

"నాయన సరిగ్గా తినడంలేదు పాపా. నువ్వు ఫోన్లో పట్టుకున్నావంట కదా, దాంట్లో అమ్మ తిట్టింది కూడా పడుంటాదంట. అదొకసారి ఇనాలంటాడు. ఫోటోలుండాయి గానీ, అమ్మ గొంతు మా దగ్గర యాడా లేదు. పంపిస్తావా?"

"ఈ ఆదివారమే పంపిస్తానక్కా," అన్నాను. అన్నానే గానీ ఆ వారం జూనియర్లకు రెండు రోజుల క్లాసు పెట్టాను. పరిశోధనలో సమాచారాన్ని ఎలా దాచుకోవాలన్నదే విషయం. దానికి స్లైడ్లు చేస్తూ, రంగులు మారుస్తూ కూర్చున్నాను. తర్వాత హాజరు పట్టీలు, ఫోటోలు, రిపోర్టు. మళ్ళీ ఆ ఫైలు తెరిచేసరికి నేను దాన్ని మార్చి నలభై రోజులైంది. మా క్లౌడ్‌లో పాత వెర్షన్ ముప్పై రోజులే ఉంటుంది.

అక్క ఫోన్ చేసిన రోజు సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచి ఉంటే అవ్వ గొంతు దొరికేది. రెండు నిమిషాల పని. ఇంతకంటే ఏం రాయను? చెరిగిన ఫైళ్ళను వెతికే సాఫ్ట్‌వేర్లు మూడు పెట్టి ఫోనంతా గాలించాను. ఎప్పుడో తీసిన బస్సు టికెట్ల ఫోటోలు కూడా తిరిగి వచ్చాయి. అదొక్కటే రాలేదు.

అబద్ధాలు మొదలుపెట్టాను. ఫైలు పెద్దదక్కా, ఫోన్లో రాదు, నేనే తెస్తాను అన్నాను. పరీక్షలన్నాను, జ్వరమన్నాను. అక్క ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "సదువుకునే పిల్లవి, నీ పనులు సూసుకోని రా," అనేది. తిట్టి ఉంటే బాగుండేదనిపించేది.

రెండు నెలలకు ఇక తట్టుకోలేక మదనపల్లె బస్సెక్కాను. వి.కోట, పలమనేరు దాటి పుంగనూరు వచ్చేదాకా చెప్పాల్సింది నోట్లోనే వల్లించుకున్నాను. చెరిపేశాను తాతా, తప్పైపోయింది. మూడే మూడు మాటలు.

పదకొండు గంటలకు వాళ్ళింటికి చేరాను. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆ పూట కొలిమి వెలిగించలేదు. ముందుగదిలో నాకొక కుర్చీ, ల్యాప్‌టాప్‌కు ఒక స్టూలు, దాని మీద ఉతికిన గుడ్డ. ఆ గుడ్డను చూశాక నా మూడు మాటలూ పక్కన పెట్టి ల్యాప్‌టాప్ బయటికి తీశాను. వినిపిస్తాను, రాకపోతే అప్పుడు చెబుతాను అనుకున్నాను. పిరికిదాన్ని.

అక్క పెరట్లో బట్టలుతుకుతోంది. అమ్మ గొంతు వస్తే ఏడుపొస్తుంది, మీరు వినండి, నేను ఇక్కడే ఉంటానంది. ముందుగదికీ పెరటికీ మధ్య వంటిల్లు ఉంది.

ఫైలు పెట్టాను. తాత చెయ్యి చెవి వెనక పెట్టి స్పీకరు మీదికి వంగాడు. ఆయన గొంతే వస్తోంది, తగరం గురించి, నిప్పు గురించి. నేను తెర మీద గీతనే చూస్తున్నాను. పన్నెండు ముప్పై. పన్నెండు ముప్పై ఐదు. పన్నెండు నలభై దగ్గర గీత సాఫుగా పడుకుంది. నాకు ఏమీ వినిపించలేదు.

తాత చెయ్యెత్తి నన్ను ఆగమన్నట్టు చూపించాడు. ఆయన ముఖం వెలిగింది. "హౌ, హౌ," అన్నాడు ఉర్దూలో, సరే సరే అన్నట్టు. తర్వాత తల గోక్కుంటూ నవ్వాడు, ఆ రోజు నవ్వినట్టే.

"సూడు, ఎట్ల తిడతాందో," అన్నాడు నాతో.

పాపం ముసలాయన, గుర్తున్నదాన్నే విన్నాననుకుంటున్నాడు అనుకున్నాను. అనుకునేలోపే వంటింటి గడపలోకి షాహీన్ అక్క వచ్చింది. మోచేతుల దాకా సబ్బు నురగ. చేతిలో గ్లాసుతో నీళ్ళు.

"తాగు పాపా," అని గ్లాసు నా చేతిలో పెట్టింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "పొగలో కూసోబెట్టి కతలు సెప్తాండావే, దగ్గుతాండాది సూడు, ముందు ఆ పాపకు నీళ్ళియ్యి అంటాందే! అమ్మ అట్ల అనేసరికి నా కాళ్ళు ఆగలేదప్పా. ఎంత బాగా పడిందో గొంతు! ఆడిదాకా ఇనిపించింది."

వాళ్ళిద్దరికీ అందులో వింతేమీ లేదు. రికార్డింగులో ఉన్న గొంతు రికార్డింగులోంచి వచ్చింది. ఆ గదిలో భయపడింది నేనొక్కదాన్నే. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగాను.

తాత ఇంకోసారి పెట్టమన్నాడు. మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ వాళ్ళు అదే చోట నవ్వారు. మూడుసార్లూ నాకు వినిపించింది సున్నా. చివరికి ఆ ఫైలు ఆయన ఫోన్లోకి ఎక్కించి, అన్నం తినమన్నా తినకుండా బయటపడ్డాను.

మదనపల్లెలో ఇంటికి పోగానే మా నాయనను కూర్చోబెట్టాను. ఆయన చెవులు మంచివి, వీధి చివర లారీ ఆగితే ఎవరి లారీయో చెబుతాడు. ఏమీ చెప్పకుండా ఆ ముక్క వినిపించాను. "ఆగిపోయిందే? యాల, చార్జింగు లేదా?" అన్నాడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే మాట.

కుప్పం వెళ్ళాక, తాతను రికార్డు చేసిన రోజు రాసుకున్న నోట్‌బుక్కు తీశాను. అది హాస్టల్లో నా పెట్టెలోనే ఉంది, వాళ్ళెవరూ చూసింది కాదు. ఆ పేజీలో నా రాత ఇలా ఉంది: "12.40 అవ్వ అడ్డం వచ్చింది. పొగ, దగ్గు, నీళ్ళు. తీసేయాలి."

తర్కంగా ఆలోచించకపోలేదు. తాత ముందే కూతురికి చెప్పి ఉండొచ్చు. వేరే మాటల మధ్య అక్కను ఫోన్లో అడిగాను. అమ్మ ఏమని తిట్టిందో ఆయన చెప్పలేదని, "నువ్వే ఇను" అన్నాడని చెప్పింది. అవ్వ ఎవరొచ్చినా అలాగే అనే మనిషి, అక్క మనసు దాన్నే అల్లుకుంది అని సరిపెట్టుకుందామనుకున్నాను. మరి వంటిల్లు అవతల, కనపడని తెర మీద సరిగ్గా ఆ ఏడు సెకన్లకే ఎలా లేచి వచ్చింది? స్టూలు మీది గుడ్డ, సబ్బు నురగ, గ్లాసు అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి.

తాత ఇప్పుడు బాగా తింటున్నాడట. రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక ఫోన్ చెవికి పెట్టుకుంటాడట. మొన్న ఫోన్ నీళ్ళ బకెట్లో పడితే అక్క ఫోన్ చేసింది. "ఇంకో కాపీ ఉండాదా పాపా?" అంది, భయం భయంగా. ఉంది. మూడు చోట్ల దాచాను, ఏమీ లేని ఆ ఏడు సెకన్లతో సహా. అదే రోజు పంపించాను.

నిజం వాళ్ళకు ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఆ గొంతు వాళ్ళకు కూడా ఆగిపోతుందేమోనని భయం. ఈ మాట రాస్తున్నది నేనేనా అనిపిస్తుంది, కానీ భయం మాత్రం నిజం.

జూనియర్లకు క్లాసు చెప్పేటప్పుడు అసలు ఫైలు ముట్టుకోవద్దనే స్లైడు దగ్గర నా గొంతు పెరుగుతుందట, వాళ్ళు నవ్వుకుంటారు. గదికి వచ్చి తలుపేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పన్నెండు నలభై దగ్గర మళ్ళీ వింటాను. ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో. ఆవిడ గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు. ఆ ఏడు సెకన్లలో ఆవిడ తలుచుకున్నది నన్నే. అది నాకు ఒక్కసారి కూడా వినిపించలేదు.