ప్రేమలత పక్క చాప

ఆ ఆదివారం పొద్దున నేను ఒకరి ఫోన్ ఆపేశాను. నేను రాసేదంతా ఆ పని వల్ల జరిగిందే కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మాట ఎత్తితే నవ్వేసేవాడిని. చాలా ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత యోగా నేర్పడం మొదలుపెట్టిన మనిషిని. ఒళ్లంటే ఎముకలు, కండరాలు, ఊపిరి, అంతకు మించి ఏమీ లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లకు చెప్పేవాడిని. ఇప్పటికీ నా నమ్మకాలు పెద్దగా మారలేదు. ఆ రోజు చూసింది మాత్రం వాటిలో ఇమడదు.

అచ్చంపేట దాటాక, అడవి మొదలయ్యే చోటికి కొంచెం ముందు, ఒక మిత్రుడి మామిడితోటలో మా శిబిరం నడిచేది. రేకుల కప్పు వేసిన పెద్ద హాలు, దానికి చుట్టూ నడుమెత్తు గోడ, ఎక్కి రావడానికి ఒకవైపు మెట్లు. వంటకు విడిగా ఒక పాక. జనం శనివారం పొద్దున వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోయేవారు. నడుము నొప్పి, నిద్ర పట్టకపోవడం, ఇంట్లో మనస్పర్థలు, ఏదో ఒకటి మోసుకొని వచ్చేవారు. నెమళ్ల అరుపులు తప్ప అక్కడ వేరే చప్పుడు ఉండదు.

మా దగ్గర ఒక నియమం ఉండేది. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం భోజనం దాకా మౌనం. ఫోన్లన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్లం. అవసరం పడితే చేయడానికి ఇంట్లోవాళ్లకు నా నంబరు ఇచ్చి రమ్మనేవాడిని. అయితే ఆ రెండు రోజులూ నా ఫోన్ కూడా ఆపేసి అదే పెట్టెలో పెట్టేవాడిని. నేర్పేవాడు కూడా వదులుకుంటున్నాడని అందరూ మెచ్చుకోవాలని నా ఆశ. ఆ గొప్ప కోసం, ఎవరికీ అందని నంబరు చేతిలో పెట్టి ఇన్ని కుటుంబాలకు ధైర్యం చెప్పాను.

ఆ వారం వచ్చినవాళ్లలో ప్రేమలత ఒకరు. మహబూబ్‌నగర్‌లో సర్కారు బడి టీచరు. సొంతూరు మర్రిగూడ దగ్గర. మెడనొప్పి తగ్గుతుందేమోనని తోటి టీచరుతో కలిసి వచ్చింది. ఫోన్ పెట్టెలో వేసేముందు నన్ను పక్కకు పిలిచింది.

"ఫోన్ లేకుండ రెండు రోజులు ఉంటనంటే మా ఇంట్లోళ్లు నవ్విన్రు సార్, ఒక్క పూటన్న ఉండుమన్నరు" అంటూ తనూ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "మా నాయినకు పానం మంచిగ ఉంటలేదు. మా తమ్ముని దగ్గర ఉంటడు. నిన్న జర నయమే అన్నరు. ఫోన్ గిట్ల వస్తే నాకు చెప్తరు కదా?" అంది.

"ఫికర్ చేయకమ్మా. నేనున్నాను కదా" అన్నాను.

ఆదివారం పొద్దున ఆసనాలు మొదలైన కాసేపటికి పెట్టెలో ఏదో ఫోన్ వణికింది. గంట మోగకపోయినా, ఫోన్ వణికితే ఆ రేకు పెట్టె మొత్తం గడగడలాడుతుంది. ఆగింది. మళ్లీ మొదలైంది. కళ్లు మూసుకున్నవాళ్లలో ఒకరిద్దరు కదిలారు. నాకు చిరాకు వేసింది. వెళ్లి తాళం తీశాను. ప్రేమలత ఫోన్. తెర మీద 'తమ్ముడు' అని ఉంది.

ఆమె చెప్పిన మాట మరిచిపోయానని ఇక్కడ రాసుకోవచ్చు. అది అబద్ధం. నాకు బాగా గుర్తుంది. ఇప్పుడు ఆమెను లేపితే అందరూ చెదిరిపోతారు, పొద్దుటి నుంచి పడ్డ శ్రమంతా పోతుంది, భోజనాల దగ్గర చెబుదాం అనుకున్నాను. కట్ చేశాను. వెంటనే మళ్లీ వచ్చింది. ఈసారి ఫోనే ఆపేసి, పెట్టె మూసి, నా చోటికి వచ్చి కూర్చున్నాను.

భోజనానికి ముందు చివరిది యోగనిద్ర. అందరూ చాపల మీద వెల్లకిలా, శవాసనంలో పడుకున్నారు. ప్రేమలత పక్క చాప ఖాళీ. అక్కడ ఉండాల్సినావిడ జ్వరమని శనివారమే వెళ్లిపోయింది. నేను ముందు కూర్చుని చెబుతున్నాను. కుడి బొటనవేలు, అరికాలు, మడమ. ఎండకు పైన రేకులు చిటపటమంటున్నాయి.

మెట్ల దగ్గర ఒక ముసలాయన కనిపించాడు. నడుము ముందుకు వంగిపోయి ఉంది. మోచేతులు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. భుజం మీద ఎర్ర గళ్ల తువ్వాల. ఎవరినో వెతుకుతున్నట్టు చూస్తున్నాడు గానీ మెడ తిరగడం లేదు. ఇటు చూడాలంటే ఒళ్లంతా ఇటు తిప్పుతున్నాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లలో అట్లాంటివాళ్లను చూశాను. పక్క ఊరి నుంచి చూడ్డానికి వచ్చాడనుకొని, వెళ్లిపొమ్మని చేత్తో సైగ చేశాను.

ఆయన లోపలికి వచ్చాడు. చాపల మధ్య నుంచి మెల్లగా నడిచి ప్రేమలత పక్కన కూర్చున్నాడు. నేను గొంతు మార్చకుండా చెప్పుకుంటూ పోతున్నాను. మధ్యలో ఆపితే అందరూ ఉలిక్కిపడతారు.

ఆయన వెనక్కి వాలాడు. ఆ నడుముతో ఎట్లా పడుకుంటాడని చూస్తూనే ఉన్నాను. వీపు చాపకు ఆనింది. మోకాళ్లు చాపాడు. మోచేతులు చాపాడు. ఆ హాల్లో అంత తిన్నగా పడుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు.

చివర్లో కాసేపు నేను కూడా కళ్లు మూసుకోవడం అలవాటు. తెరిచేసరికి ఆ చాప ఖాళీగా ఉంది.

వంట చేసే యాదమ్మ వచ్చి, మౌనం కాబట్టి నా చెవి దగ్గర అడిగింది. "సార్, ఆ ముసలాయన గూడ తింటడా? ఇస్తరాకు ఎయ్యాల్నా?"

వెళ్లిపోయాడు కదా అన్నాను.

"యాడికి వొయ్యిండు? మెట్ల కాడనే కూసోని కూరగాయలు కోస్తున్న. ఎక్కంగ చూసిన. దిగంగ చూడలే."

ఉన్న దారి ఆ మెట్లే. ఆ ఒంటితో గోడ దాటడం కుదరదు. అప్పుడు నాకు భయం వేసిందని చెప్పలేను. ఫోన్ గుర్తొచ్చింది. పరుగున వెళ్లి పెట్టె తెరిచి ఆన్ చేశాను. చేతిలోనే వణికింది. ఎత్తాను. "అక్కా" అని ఒక మగమనిషి ఏడుపు. "నాయిన పోయిండే అక్కా."

ఫోన్ ప్రేమలత చేతికిచ్చి, నా కారులోనే ఆమెను తీసుకొని బయలుదేరాను. డిండి మీదుగా దేవరకొండ, అక్కడి నుంచి మర్రిగూడ వైపు. ఆ మొదటి ఫోన్‌కే బయలుదేరి ఉంటే అందేవాళ్లం. దారి పొడవునా నాకు ఆ ఆలోచన తప్ప ఇంకోటి లేదు.

ప్రేమలత తమ్ముడితో మాట్లాడుతోంది. "పొద్దటిసంది ఎందుకు చెయ్యలేదురా?"

అతని పేరు రత్నం. అతని గొంతు నాకూ వినిపిస్తోంది. "చేసిన. నువ్వే కట్ చేసినవ్. మళ్ల చేస్తే బందు జేసినవ్. ఆ సార్ నంబరుకు చేస్తే అదీ బందే ఉండె. నాయిన నీ పేరే తీసుకుంట ఉండె."

ఆమె నా వైపు తిరిగింది. "నా ఫోన్ ఎవరన్న ముట్టిన్రా సార్?"

"లేదమ్మా. మేం ఎవరి ఫోనూ ముట్టుకోం" అన్నాను.

ఫోన్ ఆపడం ఒక తప్పు. ఈ మాట దానికంటే పెద్దది. తర్వాత జరిగిందంతా దీనివల్లే.

వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. తండ్రి ఏసోబు కూలి చేసి పిల్లలిద్దరినీ చదివించాడట. మేం వెళ్లేసరికి ఆయన్ని శవపెట్టెలో పడుకోబెట్టారు. నేను చూశాను. ఆ ముసలాయనే. వెల్లకిలా, తిన్నగా ఉన్నాడు.

పక్కన ఎవరో బంధువు చెబుతున్నాడు. "ఏండ్లకేండ్లు గోడకు ఒరిగి కూసోనే నిద్రపొయ్యిండు. వంగిన మనిషి పట్టాలని పెట్టె గూడ ఎడల్పు చెప్పినం. ఇంత సాపుగ ఎట్లైండో మాకే తెల్వదు." ఎప్పుడు పోయాడని అడిగాను. మధ్యాహ్నం బువ్వ యాళ్లకు జర ముందట అన్నాడు.

ఆ సాయంత్రం సమాధి దగ్గర అందరూ తలా పిడికెడు మట్టి వేస్తున్నారు. ప్రేమలత మట్టి తీసుకొని ముందుకు వచ్చింది. రత్నం అడ్డం నిలబడ్డాడు.

"నీ చేతి మట్టి నాయినకు వద్దు. ఫోన్ బందు జేసుకొని పండుకున్నవ్ గద, ఇంక పోయి పండుకో."

"నేను చెయ్యలేదురా. దేవుని తోడు, ఫోన్ నా దగ్గరనే లేదు."

"మరి ఎవరు చేసిన్రు? దయ్యం చేసిందా?"

ఆమె నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె పిడికిలి బిగించుకొని అట్లాగే నిలబడింది. మట్టి వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. అంతమందిలో నిజం తెలిసినవాడిని నేనొక్కడినే. నోరు తెరవలేదు. కారెక్కి వచ్చేశాను.

తర్వాత నిద్ర లేదు. కళ్లు మూస్తే ఆ పిడికిలి. తెలిసిన డాక్టరును అడిగాను. చనిపోయాక కండరాలు వదులవుతాయి గానీ, అట్లా బిగుసుకుపోయిన ఎముకలు సాపు కావని ఆయన అన్నాడు. యాదమ్మను మళ్లీ అడిగాను. ఎర్ర గళ్ల తువ్వాల అని నేను చెప్పకముందే ఆమె చెప్పింది. శిబిరం మూసేశాను. అయినా ఏమీ తేలిక పడలేదు, ఎందుకంటే అది ప్రేమలతకు చేసిన మేలు కాదు.

తమ్ముడు ఆమెను గడప తొక్కనివ్వడం లేదని, ఆమె బడికి కూడా సరిగా రావడం లేదని తోటి టీచరు ద్వారా తెలిసింది. తండ్రి జ్ఞాపకార్థ కూడిక ఉందని కూడా ఆమే చెప్పింది. పిలవకపోయినా వెళ్లాను.

ఇంటి ముందు షామియానా. ప్రార్థన అయ్యాక, పోయినాయన గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పవచ్చని పాస్టరు అన్నాడు. ఇద్దరు ముగ్గురు లేచి చెప్పారు. ప్రేమలత చివర్న, పరాయిమనిషిలా ఒక కుర్చీలో కూర్చుని ఉంది. నేను లేచాను.

ఫోన్ కట్ చేసింది నేను, ఆపింది నేను, తెర మీద తమ్ముడని చూసి మరీ ఆపాను, కారులో ఆమెకు అబద్ధం చెప్పాను, సమాధి దగ్గర నోరు మూసుకున్నాను అని వరుసగా చెప్పాను. చాప మీద చూసింది కూడా చెప్పాను. నమ్మమని అడగలేదు.

రత్నం వచ్చి నా కాలర్ పట్టుకున్నాడు. "అందరి ముంగట మా అక్కను తిట్టిన. గా మాట ఇప్పుడు ఎట్ల వాపసు తీసుకోవాలె? చెప్పు!" పాస్టరు విడిపించబోతే, నేనే వద్దన్నాను. అతనే వదిలేసి, వెళ్లి అక్క కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆమె అతని తల మీద చేయి వేయడానికి చాలాసేపు పట్టింది. వేసింది.

నేను వెళ్లిపోబోతుంటే ఆమె పిలిచింది. క్షమించానని అనలేదు. ఇప్పటిదాకా అనలేదు. ఒకటే అడిగింది.

"నా దిక్కు జూసిండా సార్?"

ఊరట కోసమైనా ఆమెకు ఇంకో అబద్ధం చెప్పే హక్కు నాకు లేదు. ఉన్నదే చెప్పాను. చాప మీద తిన్నగా పడుకున్నాక ఆయన ఒళ్లు కదలలేదు. మెడ ఒక్కటే మెల్లగా ఆమె వైపు తిరిగింది. నేను కళ్లు మూసుకునేదాకా అట్లాగే చూస్తూ ఉన్నాడు.

"నాయినకు మెడ తిరగది సార్" అన్నాడు రత్నం. గొంతులో కోపం లేదు.

"తెలుసు. ఎట్లా తిరిగిందో నాకు తెలియదు. చూసింది చెబుతున్నాను."

ప్రేమలత పక్కనున్న కుర్చీ చూపించింది. "ఇంకోపారి చెప్పున్రి. ఒక్కటి గూడ ఇడ్సిపెట్టకున్రి."

కూర్చుని, మెట్ల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాను.