గీత దాటితే హేమవతి

మొన్న వికారాబాదులో మా మనవరాలు ఫోను మీద వేలు జరుపుతూ, సంతలో గాజులు చూపించినట్టు డెబ్బై రెండు మేళకర్త రాగాలనూ నాకు చూపిస్తుంటే నవ్వూ, నిజం చెప్పొద్దూ, కాస్త అసూయా కలిగాయి. చిన్నప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరీక్షకు పోయిన నా ఈడు వాళ్లకే ఆ అసూయ అర్థమవుతుంది.

తాండూరులో మాది కందిచేల సంసారం. కన్నడ సీమ నుంచి కోడలిగా వచ్చిన పక్కింటి పంతులమ్మ దగ్గర అమ్మ నన్ను పాటకు చేర్చింది. పెద్దనాయనకు అది కంట్లో నలుసు. ఆడపిల్ల సరిగమలకు కందులు రాలుతాయా అని రోజూ సాధింపే. చివరికి మా నాయన, అన్న మాట కాదనలేక, ఈసారి సంగీతం పరీక్ష తప్పితే పాట బందు అని తేల్చేశాడు. ఆనాటి నుంచి నాకు అన్నం సయించలేదు.

మేళకర్తలంటే తల్లి రాగాలు, తక్కినవన్నీ వాటి పిల్లలే. ఏ స్వరం మారితే ఏ తల్లి అవుతుందో మా బుర్రలకు ఎక్కించడానికి పంతులమ్మ పెరట్లో నాపబండల మీద సుద్దతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసేది. నడుమ ఒక గీత. ఇవతల గడిలోంచి గీత దాటి ఎదురు గడిలోకి గెంతితే స్వరాలన్నీ అవే, మధ్యమం, అంటే ‘మ’ ఒక్కటే మారుతుంది. శంకరాభరణంలోంచి గెంతామా, కల్యాణిలో పడ్డామన్నమాట. గెంతుతూ పేర్లు అరిచేవాళ్లం. కూర్చోబెట్టి ఒప్పజెప్పించాలని ఆ మహాతల్లికీ తోచలేదు, మాకూ తోచలేదు.

పరీక్ష వికారాబాదులో ఒక బడిలో. నాయన రైల్లో తీసుకొచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. కీర్తన బాగానే పాడాను గాని, పరీక్ష చేసే పెద్దాయన ఖరహరప్రియలో మధ్యమం మారిస్తే ఏ రాగమని అడిగేసరికి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న నాకు ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు. ఎక్కడి ధైర్యమో, “సార్, జర లేచి గెంతుతా,” అన్నాను. ఆయన కళ్లద్దాల పైనుంచి చూసి, కానీయమన్నట్టు తలూపాడు. లంగా ఎత్తిపట్టి ఒంటికాలి మీద లేని గళ్లన్నీ తొక్కుకుంటూ పోయి లేని గీత దాటానో లేదో, నోట్లోంచి హేమవతి ఊడిపడింది. ఆ ఊపులోనే దాని స్వరాలూ పాడేశాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, పాసైనట్టే, ఇంటికి పోయి హాయిగా నిద్రపొమ్మన్నాడు.

బయటికొచ్చి చెప్పగానే నాయన గోడకు చేరగిలబడి పెద్ద ఊపిరి విడిచాడు. ఆయన మొహం చూస్తే పరీక్షకు కూర్చుంది ఆయనేమో అనిపించింది. నా తల మీద చెయ్యేసి, “నీ పాట బందు వెట్టాల్సొస్తదేమోనని పొద్దుగాల్నుంచి నా పానం పానంల లేదు బిడ్డా. నువ్వు పాడకుంటే నాకు ఇల్లు ఇల్లులెక్క ఉండది,” అన్నాడు. పెద్దనాయన ముందు ఎన్నడూ అనలేని మాట అది. తిరుగు రైల్లో అంతమంది నడుమ తనే అడిగి నాతో పాడించుకున్నాడు.

ఈ కాలం ఆడపిల్లలు పాడాలంటే ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కర్లేదు. ఆ భయం పోయినందుకు దేవుడికి వెయ్యి దండాలు. నేనూ ఇంకా పాడుతూనే ఉన్నాను. అడిగి మరీ పాడించుకునే ఆ మనిషే లేడు.