రేడియో నుంచి గేటు దాకా

నాచారంలో మా ఇంటి ఓనరు రోజూ పొద్దున్నే అరుగు మీద రేడియో పెట్టి, దాన్నే చూస్తూ గేటు వైపు వెనక్కి నడిచేవాడు. మాట వినబడడం ఆగిన చోట సుద్దముక్కతో గీత గీసేవాడు. ఉప్పల్ కంపెనీలో ఇరవై ఏళ్లు రేకులు కొట్టే ప్రెస్సు మిషను పక్కన నిలబడ్డ చెవులవి. త్వరలో కంపెనీ పెట్టబోయే చెవుల పరీక్ష తప్పితే ఉద్యోగం పోతుంది. గీతేమో వారం వారం అరుగు దగ్గరికే వస్తోంది.

ఫిజిక్సు చెప్పేవాణ్ణి కదా, ఊరుకోలేకపోయాను. "దూరం డబుల్ అయితే సౌండు తీవ్రత పావు వంతే మిగులుతుంది మామా. చెవికి మాత్రం అంత తగ్గినట్టు అనిపించదు."

"అంటే చెవి గూడ మనల్ని బుజ్జగిస్తదన్నట్టు," అన్నాడు, మళ్లీ నడుస్తూ. కూర్చోవడం ఆయనకు చేతకాదు.

పరీక్షకు వారం ముందు నుంచి, ఆయన వెనక్కి నడుస్తుంటే నేను రేడియో కొంచెం కొంచెం పెంచాను. గీత గేటు దాకా వెళ్లింది. విజ్ఞానశాస్త్రానికి నేను చేసిన సేవ అదొక్కటే.

పరీక్ష రోజు చెప్పులు వేసుకుంటూ నా భుజం తట్టాడు.

"గా డాక్టరు పక్కన గూడ నిలబడి జర పెంచుతవా సారూ? చెవులు పోయినయి గానీ, కండ్లు మంచిగనే ఉన్నయి."