మామ్మ ఎండబెట్టిన బ్యాటరీ

మా చిన్నప్పుడు టార్చిలైటు నీరసంగా వెలిగితే సెల్లులు పారేసేవాళ్ళు కాదు... పిట్టగోడ మీద ఎండలో పెట్టేవాళ్ళు. సాయంత్రానికి వాటికి ఇంకాస్త ప్రాణం వచ్చేది. గరివిడిలో మా వీధి వీధంతా అంతే. నాన్న వాళ్ళమ్మ, మా మామ్మ అయితే ఈ విద్యలో ఆరితేరిన మనిషి.

నాన్న కొత్త ఫోను కొనుక్కుని పాత మీటల ఫోను మామ్మకిచ్చాడు. దానికి చార్జింగు నిలిచేది కాదు. ఆవిడ ఎవర్నీ అడగలేదు. వెనక మూత తీసి, ఆ పలచటి బ్యాటరీని మిరపకాయల పక్కన రేకు మీద ఎండబెట్టేసింది. ఆదివారం చర్చి నుంచి రాగానే కోటబొమ్మాళిలో ఉన్న మా అత్తతో మాట్లాడాలి కదా మరి...

ఓ శనివారం మధ్యాహ్నం మిరపకాయలు ఎత్తడానికి వెళ్ళి అక్కడి నుంచే అమ్మని పిలిచింది.

"ఒసే కోడలా, ఇలారా. దీనికి కడుపొచ్చిందేటే?"

అమ్మ నవ్వుకుంటూ వెళ్ళి, దాన్ని చూసి నవ్వు ఆపేసింది. బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. దగ్గరికెళ్తే అదోరకం తియ్యటి వాసన...

మాకు భయం ఊరికే రాలేదు. ముందటేడు మా వీధి చివర చెత్త ఊడ్చి తగలబెడుతుంటే, అందులో ఎవరో పడేసిన ఇలాంటిదే పేలింది. పక్కింటి సరోజినమ్మగారి చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆవిడ పెట్టిన కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

అమ్మ చెక్క తెడ్డుతో బ్యాటరీని మట్టి మూకుట్లోకి నెట్టి, పెరటి మధ్యలో పెట్టి, పైన పెద్ద తప్పేలా బోర్లించింది. "మీ నాన్న డ్యూటీ దిగి వచ్చీదాకా ఎవులూ అటు ఎల్లకండి" అంది. అందరం లోపల కూర్చున్నాం.

మా తమ్ముడు అప్పుడప్పుడే పాకుతున్నాడు. బోర్లించిన గిన్నె కనబడితే వాయించకుండా ఉండే రకం కాదు. ఎప్పుడు జారుకున్నాడో... పెరట్లోంచి టంగుటంగుమని మోత వినబడింది. గుమ్మం దాకా పరిగెత్తాను గానీ అక్కణ్ణించి నా కాళ్ళు కదల్లేదు. అమ్మ ఒక్క ఉరుకున వెళ్ళి వాణ్ణి చంకనేసుకొచ్చి, నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బ నొప్పి కూడా నాకు తెలియలేదు.

మామ్మ మూల కూర్చుని కళ్ళు మూసుకుంది. "పెబువా, ముసిల్దాన్ని... తెలక సేసీసాను. పసిగుంటల్ని కాపాడు తండ్రీ."

నాన్నకి ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పని. కరిగిన లోహం ముందు రోజూ నిలబడే మనిషి కదా, వచ్చి నవ్వేస్తాడనుకున్నాను. తప్పేలా ఎత్తి చూసి, మళ్ళీ మెల్లగా దించాడు.

"గెడ్డలో ఇసిరేసి వస్తాను" అన్నాడు.

"ఆ నీళ్ళు గొడ్లు తాగవేటండి? మన గుంటలే కదా అందులో తానాలు సేస్తారు. కొత్త ఫోను కొన్న సోట పాతవి తీసుకుంటారన్నారు కదా, ఆళ్ళకే ఇచ్చీసి రండి" అంది అమ్మ.

పాలపొడి డబ్బాలో సగం ఇసుక పోసి, బ్యాటరీని పడుకోబెట్టి, పైన మళ్ళీ ఇసుక పోశాడు. డబ్బాని బండి ముందు కొక్కేనికి తగిలించాడు. నేను నాన్న చొక్కా వదల్లేదు. ఏదైనా అయితే నాన్న ఒక్కడే ఉంటాడని నా ఏడుపు. అమ్మ వద్దంటే వద్దంది. చివరికి నాన్నే "రానీ, ఎనకాల కూకుంటాది" అన్నాడు.

విజయనగరం దారిలో ప్రతి గతుక్కీ నేను కళ్ళు మూసుకున్నాను. రైలు గేటు పడి ఉంది. చుట్టూ ఆటోలు, జనం, చంటిపిల్లలు... నాన్న బండి దిగి డబ్బా తీసుకున్నాడు.

"నువ్వు ఇక్కడే ఉండు అమ్మా. ఏటైనా అయితే ఇటు రాకు."

దూరంగా పొలం గట్టు దాకా నడిచి డబ్బాని కింద పెట్టి, దానికీ మాకూ మధ్యలో నిలబడ్డాడు. గూడ్సు బండి ఎంతకీ అవలేదు. నాన్న డబ్బా వైపు చూసి ఓ అడుగు వెనక్కేశాడు, మళ్ళీ ముందుకొచ్చి నిలబడ్డాడు. నాన్నకి కూడా భయం వేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

షాపతను డబ్బాని లోపలికి తేనివ్వలేదు. మెట్ల పక్కన ఇసుక బక్కెట్టు చూపించి, బ్యాటరీని అందులో పెట్టించాడు. ఇలాంటివి పోగుచేసి, విడదీసేవాళ్ళకి విశాఖపట్నం పంపిస్తారట. ఆ పాత ఫోను కూడా ఇచ్చేసి వచ్చేశాం.

ఇంటికొచ్చేసరికి మామ్మ వీధి గుమ్మంలోనే ఉంది. నాన్న అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత గోడ మీది టార్చి సెల్లులన్నీ ఏరి, కాగితంలో చుట్టి నాన్నకిచ్చింది. "ఈటినీ ఇచ్చీరా నాయినా" అంది.

ఇప్పుడు ఆ భయం ఎవరికుంది చెప్పండి... ఫోను పాతబడితే సొరుగులో పడేసి మరిచిపోతాం. నేనూ అంతే. ఉద్యోగానికి విశాఖ వచ్చి అద్దె గదిలో ఉంటున్నాను. ఇవాళ పొద్దున మంచం కింద సూట్‌కేసు తీస్తే, అడుగున నా కాలేజీ నాటి ఫోను... వెనక భాగం పైకి లేచి ఉంది. ఇన్నాళ్ళూ దాని మీదే పడుకున్నాను.

నాన్నకి ఫోన్ చేశాను. చేత్తో ముట్టుకోకుండా చీపురు కర్రతో బాల్కనీలోకి నెట్టమన్నాడు. నెట్టాను.

"ఇసకుందా?"

"అపార్ట్‌మెంట్‌లో ఇసుకెక్కడుంటుంది నాన్నా?"

"తలుపేసుకుని ఇవతల కూకో. నేను తెస్తన్నాను" అన్నాడు.

ఇది రాసేటప్పటికి మా నాన్న సంచిలో ఇసుక పట్టుకుని గరివిడిలో బస్సెక్కేశాడు. మీరూ ఒకసారి సొరుగులు తెరిచి చూడండి... ఏం దొరికిందో ఇక్కడ రాయండి. అప్పుడు భయపడటానికి ఇంటినిండా మనుషులుండేవారు. ఇప్పుడు తలుపుకి ఇవతల నేనొక్కదాన్నే ఉన్నాను... నాన్న వచ్చేదాకా ఎవరైనా కాస్త మాట్లాడుతూ ఉండండి.