ఇంటికో పౌడరు డబ్బా

మా అపార్ట్‌మెంట్ సంఘంవారు పొదుపు పేరిట మెట్ల దగ్గరి పాత బల్బులు తీసేసి తెల్లటి కొత్త లైట్లు బిగించారు. ఆ వెలుగులో ఎదురుపడితే పై అంతస్తు ఇంజనీరుగారు రెండు రోజులు నీళ్లలో నానినట్టు కనిపిస్తారు. నేనెలా కనిపిస్తానో, ఆయన మర్యాదస్థుడు కనుక ఇంతవరకు చెప్పలేదు. మొన్న ఆ లైట్లను తిట్టుకుంటూనే మెట్లెక్కాను. పక్కన మనవరాలు, దాని చేతిలో తార్నాకలో కొన్న చిన్న గుండ్రటి డబ్బా. బ్రాంజర్ అట. మొహానికి ఎండ తగిలిన కళ రావడానికి రాసుకునే రాగి రంగు పొడి. ఎండ తగలకూడదని గొడుగులు మోసిన మన తరంవాళ్లకు ఇది వింటే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? తార్నాక నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లో మా డిపార్ట్‌మెంటు దాకా మధ్యాహ్నం నడిస్తే ఊరికే వచ్చే సరుకు అది.

మనవరాలంటే మా అమ్మాయి కూతురు. నేను చదివిన క్యాంపస్‌లోనే ఎమ్మే చదువుతూ మా దగ్గరే ఉంటోంది. డిపార్ట్‌మెంటు వార్షికోత్సవానికి యాంకరింగ్ దానికే ఇచ్చారు. రంగులో నా పోలిక, అంటే మా ఇంటి భాషలో చామనచాయ.

మా ఇంటి భాష గురించి కొంచెం చెప్పాలి. నాన్న ఉద్యోగం వెంట కోస్తా నుంచి వచ్చి నల్లకుంటలో కాపురం పెట్టిన కుటుంబం మాది. నలుపు అనే మాట మా ఇంట్లో కాకికి, గొడుగుకి తప్ప వాడేవారు కాదు. అక్క ఎరుపు, నేను చామనచాయ, నాకంటే ముదురు రంగున్న తమ్ముడు మగపిల్లాడు. ఇంత మర్యాద ఉన్న ఇంట్లో పౌడరు డబ్బా మాత్రం ఒక్కటే, అదీ అక్క మొహాన్ని చూసి కొన్న లేత గులాబీ రంగుది. తక్కినవాళ్లం ఆ డబ్బాకు తగ్గట్టు సర్దుకోవాలి.

నేను ఎమ్మేలో ఉండగా రామంతాపూర్ టీవీ కేంద్రంలో అనౌన్సర్ల ఎంపికకు పిలుపు వచ్చింది. ఆ అవకాశం నాకెంత కావాలనిపించిందంటే, డాబా మీద బట్టలారేస్తూ ఆ తీగకే వాతావరణ సూచనలు చదివి వినిపించేదాన్ని. ఆ పొద్దున అక్క నా గడ్డం పట్టుకుని, "కదలకే, టీవీ దీపాల ముందు ఇదంతా ఎగిరిపోతుంది, ఇంకో పూత వెయ్యనీ" అంటూ డబ్బాలో సగం నా మొహానికి పట్టించి, తోడు కూడా వచ్చింది. బస్సులో నిలబడి అక్కడికి చేరేసరికి పౌడరు చెమటలో చారలు కట్టింది. కిటికీ అద్దంలో చూసుకుంటే మొహం ఒకరిది, మెడ ఇంకొకరిది. లోపల ఇచ్చిన కాగితం చదివాను. ఒకాయన చిరునవ్వు నవ్వాడు. కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు.

అప్పటినుంచీ నా అనుమానం ఆ డబ్బా మీదే. అక్క మీద కూడా కాస్త లేకపోలేదు. ఆ రెండో పూత వేయడంలో అంత శ్రద్ధ ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు. తర్వాత లెక్చరరుగా చేరి రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పాను. క్లాసులో పిల్లలు కునుకు తీస్తుంటే క్యాంటీన్ భోజనాన్ని అనుమానించేదాన్ని.

అందుకే మొన్న కొట్లో పిల్ల వెనకే కాపలాగా నిలబడ్డాను. కొట్లో అమ్మాయి లేత రంగు డబ్బా తీసి, "గిది తీస్కోండి, మస్తు ఫెయిర్ కనబడ్తరు" అంది. ఇదిగో వచ్చింది గులాబీ డబ్బా అనుకున్నాను. "ఫెయిర్ వద్దక్కా, నాలాగ కనబడితే చాలు" అంది మనవరాలు. రోజూ స్కూటీ నడిపి చేతులు కమిలాయి, వాటి మీద చూస్తే రంగు తేడా వస్తుందని నాకు చెప్పి, దవడ కింద రాసుకుని రోడ్డు మీది వెలుగులోకి పోయి ఫోనులో చూసుకునేది. ఒకటి నారింజ కొడుతోందంది, ఒకటి బూడిదలా ఉందంది, మెరుపులున్నదాన్ని పెళ్లి మండపానికి వదిలేసింది. చివరికి తన రంగుకంటే ఒక్క పిసరు ముదురుగా, ఎరుపు కలిసిన గోధుమరంగుది తీసుకుంది.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం ఇంట్లో లైట్లను నమ్మనని బాల్కనీలో కూర్చుంది. పక్కనే కుర్చీలో, ఇప్పుడు మాతోనే ఉంటున్న అక్క చిక్కుళ్లు ఒలుస్తోంది. పిల్ల పెద్ద మెత్తటి కుంచెను పొడికి తాకించి, ఎక్కువైంది దులిపి, ఎండ ముందుగా ఎక్కడ పడుతుందో అక్కడే అద్దుకుంది: నుదుటి అంచున, చెంప ఎముకల మీద, ముక్కు దూలం మీద కాస్త. తర్వాత కొత్తగా పొడి తీసుకోకుండా అదే కుంచెను దవడ మీదుగా మెడ దాకా దించింది. చార ఎక్కడ బయటపడుతుందా అని నేను కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను.

"రాసుకున్నట్టే లేదేమే?"

"అదే కదమ్మమ్మా పాయింటు."

మొహం, మెడ ఒకే మనిషివి. ఈ రోజుల్లో ఎవరి డబ్బా వాళ్లకుంది, తన రంగే తనకు కావాలని ఒక ఆడపిల్ల కొట్లో నిలబడి అడిగి తెచ్చుకుంటోంది. మాకు అడగొచ్చన్న సంగతే తెలియదు. పిల్ల స్కూటీ గేటు దాటేదాకా చూసి, ఇన్నేళ్లుగా లోపల దాచుకున్న మాట పైకే అనేశాను: ఆ రోజు నాకూ ఇలాంటి డబ్బా ఉండుంటే నేనూ టీవీలో కనిపించేదాన్ని.

అక్క చిక్కుడుకాయ మీంచి తల ఎత్తలేదు.

"నీ మొహానికేం కాలేదే. తలుపు బయటే కూర్చుని అంతా విన్నాగా. నీ గొంతే బాగాలేదు."