పీ-యున్ అక్క రాతలకు నా పేరు

తాయ్‌చుంగ్ నగరంలో లిఫ్టులు నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే మా చిన్న కంపెనీలో తప్పులు పట్టే మనిషి చాన్ పీ-యున్ అక్క. యాభై ఎనిమిదేళ్లు. ఇదివరకు లిఫ్టుల కార్ఖానాలో బటన్లు నొక్కి చూసే పని చేసేది. తప్పు కనిపిస్తే మేం ఒక ముక్క రాసి ఊరుకుంటాం. అక్క అలా కాదు, "తలుపు త్వరగా మూసుకుంటోంది. చేతికర్రతో వచ్చేవాళ్లు ఏమైపోవాలి?" అని రాస్తుంది. పదకొండేళ్లుగా రాస్తోంది. నేను వాటిని చదివేవాణ్ణంటే అబద్ధమే. పొడుగ్గా ఉన్నాయని కిందికి జరిపేసేవాణ్ణి.

ఈ వసంతంలో, ఈ రాతలన్నీ ఉండే మా పనుల జాబితానంతా పాత సాఫ్ట్‌వేర్‌లోంచి కొత్తదానిలోకి మార్చే పని నా నెత్తిన పడింది. పడిందంటున్నాను గానీ, చెయ్యెత్తి మరీ తెచ్చుకున్నాను. మధ్యాహ్నం దీపాలార్పి అందరూ బల్లల మీద తలవాల్చి కునుకు తీసే గంటలో ముగించేస్తానని గొప్పలు కూడా పోయాను. యంత్రం బుద్ధిగా ఉండాలని మా అలవాటు ప్రకారం దాని మీద ఆకుపచ్చ చిరుతిళ్ల పొట్లం పెట్టాను. పొట్లానికి గడువు దాటలేదని రెండుసార్లు చూశాను. ఎవరి రాతలు ఎవరి పేరున చేరాలో జతచేయమని కొత్త సాఫ్ట్‌వేర్ అడిగితే మాత్రం చూడకుండా దాటేశాను. దీపాలు వెలిగేసరికి అంతా వచ్చేసింది. జబ్బలు చరుచుకున్నాను. మర్నాడే పాతదాన్ని మూయించేశాను కూడా, అంత తొందర నాకు.

నెలాఖరున మేనేజరు లియావ్ గారు పిలిచి భుజం తట్టారు. కొత్తదాని లెక్క ప్రకారం నేను పట్టిన తప్పులు మూడువేల పైచిలుకట. నేను చేరి నాలుగేళ్లేనన్న సంగతి ఆయనకు తట్టలేదు. పీ-యున్ అక్క పట్టినవి సున్నా.

"ఏటా ఒప్పందం పొడిగిస్తూ వచ్చాం. ఈసారి ఆవిడ అక్కర్లేదనుకుంటా," అన్నారు.

పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు అప్పుడే తెలిసిపోయింది. అయినా ఆ పొగడ్త ఒక్క క్షణం తియ్యగానే ఉంది, ఏం సిగ్గులేని బతుకో నాది. చివరికి నిజం చెప్పాను.

"అవి నావి కావండీ. పేర్లు జతచేయకుండా ఎక్కించాను. ఎక్కించినవాడి పేరే అన్నిటికీ పడింది."

శుక్రవారంలోగా ఏవి ఎవరివో తేల్చమన్నారు. తేల్చకపోతే ఆవిడ ఉద్యోగం ఉండదన్నారు.

అక్క దగ్గరికి వెళ్లేసరికి అన్నం వేడిచేసుకునే ఆవిరిపెట్టెలోంచి క్యారేజీ తీసుకుంటోంది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"నా రాత నువ్వు గుర్తుపట్టగలవా, ఆ-హోంగ్?" అంది, అంతే.

మూడు రోజులు కూర్చుని ఒక్కొక్కటే చదివాను. గుర్తుపట్టడం కష్టం కాలేదు. అక్క రాసిన ప్రతి తప్పులోనూ ఎవరో ఒక మనిషి ఉన్నాడు. నిండు నెలల ఆవిడ, గ్యాసు సిలిండరు మోసేవాడు, చూపు లేని పెద్దాయన. రెండువేల తొమ్మిదివందలు అక్కవే. మిగతావాళ్లవి పోగా నావి తొమ్మిది తేలాయి, అందులో ఆరు "చూస్తాను" అని అక్కకు రాసిన జవాబులు. చూసిన పాపాన పోలేదు.

లియావ్ గారు ఓ పది చదివి, ఒప్పందం మీద సంతకం పెట్టారు. ఆ కాగితం తీసుకెళ్లి రెండు చేతులతో అక్కకిచ్చి క్షమించమన్నాను. అక్క కాగితం వంక చూడనైనా లేదు.

"అన్నీ చదివావా?"

"చదివానక్కా."

"పదకొండేళ్లకి ఒకడు చదివాడు," అంటూ కళ్లు తుడుచుకుంది.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.