లేబుల్ మీద మీసాలు

చల్లపల్లికి దిగువన, కృష్ణలో ఉన్న మొగలిలంకకూ చిన్నలంకకూ మధ్య పడవ నడిపేది భద్రమ్మ. వాళ్ళది చేనేత కుటుంబం. నూలు రావాలన్నా చీరలు పోవాలన్నా పడవే దిక్కు కాబట్టి, ఆమె తండ్రి కోటిలింగం మగ్గం కట్టిపెట్టి పడవ చేయించాడు. ఆయనకు కొడుకుల్లేరు. మంచాన పడి "పడవ ఆగిపోతుందేమోనే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "నేను లేనూ?" అంటూ కూతురు గడ అందుకుంది. వరద రోజుల్లో తప్ప పడవ ఆగింది లేదు.

ఇల్లరికం వచ్చిన మొగుడు సాంబమూర్తి మంచి నేతగాడు. ఒక్కటే లోపం, నీళ్ళంటే హడలు. పెళ్ళికి వచ్చినప్పుడు ముఖాన తువ్వాలు కప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఏరు దాటాడు. మళ్ళీ లంక విడిస్తే ఒట్టు. మగ్గం ఆయనది, పడవ ఆవిడది. కాపురం హాయిగానే సాగింది.

1946లో పడవకు యాభై ఏళ్ళు నిండాయని రెండు లంకలూ పండగ చేసుకున్నాయి. బడిపంతులు శేషగిరిరావుగారు ఉత్సాహం పట్టలేక బెజవాడ వెళ్ళి, గవర్నర్‌పేటలో లేబుళ్ళు అచ్చువేయించారు. ఉత్తరాల మీద స్టాంపు పక్కన సరదాగా అంటించుకోవడానికన్నమాట; తపాలావాళ్ళకు వాటితో నిమిత్తం లేదు. పైన "లంకల పడవకు యాభై ఏళ్ళు" అని అక్షరాలు. కింద పడవ. పడవలో గడ పట్టుకుని బుర్రమీసాల మొగాడొకడు!

నడిపేది ఆడమనిషని చెప్పాలని పంతులుగారికి తోచలేదు. అడగాలని బొమ్మ వేసినవాడికీ తోచలేదు.

"పొరపాటైందమ్మా భద్రమ్మా. మళ్ళీ వేయిద్దామంటే కాగితం దొరికే రోజులు కావు" అని పంతులుగారు నొచ్చుకున్నారు.

"దానికేముందండీ" అని ఆమె నవ్వేసింది. కుర్రకారు ఊరుకుంటారా? "సాంబయ్య బావా, నీ బొమ్మ భలే పడింది!" అని మగ్గం దగ్గరకొచ్చి మరీ ఆటపట్టించారు. దానికీ నవ్వింది. కానీ ఆ రాత్రి మొగుడికి అన్నం పెట్టకుండానే కంచంలో పులుసు పోసింది.

"ఏమైందే?"

"మా నాయన పడవని నేను నిలబెట్టానని ఒక్క కాగితమ్ముక్క మీదన్నా ఉంటుందనుకున్నానయ్యా."

సాంబమూర్తి ఆ పులుసే తాగి లేచాడు.

మర్నాడు పొద్దున భద్రమ్మ తపాలా సంచి పడవలో పెట్టి కట్టు విప్పబోతుంటే, ఆయన దిగబడ్డాడు. ఒక చేతిలో లేబుళ్ళ కట్ట, రెండో చేతిలో నూలుకు అద్దే ఎర్రరంగు గిన్నె. గడగడలాడుతూనే పడవెక్కి కూర్చున్నాడు.

"ఇదేందయ్యా! పడతావ్!"

"పడితే తీస్తావుగా. పోనియ్యి."

పడవ కదిలింది. సాంబమూర్తి వేలు రంగులో ముంచి, లేబుల్ మీది మీసాలాయన నుదుట బొట్టు పెట్టాడు. ఇంకోదానికీ పెట్టాడు. పడవ ఊగినప్పుడల్లా బొట్టు ముక్కు మీద పడుతోంది.

"మీసాలాయనకి బొట్టేందయ్యా, చూసినోళ్ళు నవ్విపోతారు!" అని భద్రమ్మ పడీపడీ నవ్వింది.

"నవ్వనీ. ఎందుకిట్టా ఉందని అడుగుతారుగా. మా ఆవిడండీ అని చెబుతా."

ఏటి నడిమికి వచ్చాక గాని ఆమె గమనించలేదు. ఆయన కళ్ళు మూసుకోలేదు. గడ వేసే ఆమె చేతులనే చూస్తున్నాడు.

"భయమెయ్యట్లా?"

"చచ్చేంత వేస్తోంది. ఆ బొమ్మేసినవాణ్ణి తప్పుపట్టి ఏం లాభమే! వాడు నిన్ను చూడలేదు సరే. ఇన్నేళ్ళూ ఇంట్లో ఉండి నేను మాత్రం చూశానా?"

భద్రమ్మ సంతోషంగా గడ మళ్ళించింది. ఆ రోజు చిన్నలంక రేవుకు తిన్నగా పోకుండా, ఇసుకమేట చుట్టూ తిప్పి నిదానంగా తీసుకెళ్ళింది.